తిన్నయింటి వాసములు

శాసనములు, నిఘంటువులు, ప్రబంధములు మొదలగువానిని చర్చించు ఈ పత్రికలో ఎన్నికల ప్రసంగమేల యని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. కాని ప్రజల తీర్పు అంకెల రూపమున వెలువడుటకు ముందు మాటల రూపమున వారి మనస్సులలో నుండును. ఆ మాటలు తెలుగు మాటలైనప్పుడు వానిని పరిశీలించు బాధ్యత రాజనీతిశాస్త్రజ్ఞులకు ఎంత కలదో భాషాధ్యాపకులకును అంత కలదు. మిక్కిలి ధనవంతుడై యుండియు పేదల పక్షమున మాటలాడు నాయకుని పేదలు ఏల ఆదరింతురు అను ప్రశ్నను గూర్చి నా అభిప్రాయమును ఈ విశ్వాసముతోనే మనవిచేయుచున్నాను.

తెలుగునాడు విడిచి వచ్చి, ఇరువదియైదేండ్లకు పైగా నేను ఉత్తరదేశమున తెలుగు బోధించుచున్నాను. ప్రతి ఎన్నికల పిమ్మటను మా అధ్యాపకుల విశ్రాంతి మందిరమున రెండు తీర్పులు వినబడును. ప్రజలు అమాయకులు అనునది ఒకటి. ప్రజలు అమ్ముడుపోయిరి అనునది రెండవది. మొదటిది జాలితో చెప్పబడును, రెండవది కోపముతో చెప్పబడును. రెండింటియందును ఓటరు ఆలోచించినాడను తలంపు మాత్రము కానరాదు. నేనును చిరకాలము ఈ మాటలకు తలయూపినవాడనే.

కొన్నియేండ్ల క్రిందట మా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఒక భవనము కట్టుచుండగా పాలమూరు ప్రాంతమునుండి కూలీలు పనికి వచ్చిరి. పరాయిదేశమున తెలుగు మాట చెవిని బడినప్పుడు ఆగకుండుట నావంటివానికి సాధ్యము కాదు. వారిలో నడివయస్సు స్త్రీ యొకతె, ఓటు వేయుటకై రెండు దినముల కూలి పోగొట్టుకొని ఊరికి పోయి వచ్చితినని చెప్పెను. ఎవరికి వేసితివని నేను అడుగలేదు, ఆమెయే చెప్పెను. "అమ్మా, ఆయనకు కోట్ల ఆస్తి యున్నదిగదా, నీ కష్టము ఆయనకెట్లు తెలియును?" అని అడిగితిని. ఆమె తట్ట దింపకయే బదులిచ్చెను: "ఉన్నోడు గన్క పెడ్తడు సారూ. లేనోడొస్తే మన నోటికాడిదే గుంజుకుంటడు."

ఈ రెండు వాక్యములలో ఒక వాదము కలదు. పెట్టుటకు ముందుగా ఉండవలెను అనునది అందలి మొదటి అంగము. ఉన్నవానికి దొంగిలింపవలసిన పనిలేదు అనునది రెండవది. ఇవి అమాయకుల మాటలు కావు, అనుభవమునుండి పుట్టినవి. ఆమె వంటివారు కంటితో చూచిన దోపిడి అంతయు చిన్న చేతులతో జరిగినదే. పింఛను కాగితముపై సంతకమునకు చేయి చాచిన గుమాస్తాయు, తూకమున తగ్గించిన దుకాణదారుడును, కూలిలో కోతపెట్టిన మేస్త్రియు కోటీశ్వరులు కారు. కోటీశ్వరుని దోపిడి, అది యున్నచో, భూముల కేటాయింపులలోను, గుత్తల ఒప్పందములలోను జరుగును. అది ఆమె గడప త్రొక్కదు. కనబడిన దొంగకంటె కనబడని ధనికుడు మేలని ఆమె తీర్మానించినది. ఆమె సాక్ష్యము అసంపూర్ణమేగాని ఆమె తర్కము లోపభూయిష్ఠము కాదు.

నాయకుల ధనము దాచబడినందున ప్రజలు మోసపోవుచున్నారనుటయు పొసగదు. సర్వోన్నత న్యాయస్థానము 2002, 2003 సంవత్సరములలో ఇచ్చిన తీర్పుల ఫలితముగ ప్రతి అభ్యర్థియు తన ఆస్తులను ప్రమాణపత్రమున ప్రకటింపవలసియున్నది. ఆ పత్రములను పరిశీలించు ఏ.డి.ఆర్. అను సంస్థ లెక్క ప్రకారము 2009లో లోక్‌సభకు ఎన్నికైనవారిలో నూటికి 58 మంది కోటికి మించిన ఆస్తి కలవారు. 2024లో ఆ సంఖ్య నూటికి 93కు చేరినది. భూముల వెలలు పెరుగుటచే కోటి యొక్క విలువయే తగ్గినదను మాట నిజమే. అయినను 2024లో గెలిచినవారిలో అత్యధికమైన ఆస్తిని ప్రకటించిన ఇద్దఱును మన గుంటూరు, చేవెళ్ల నియోజకవర్గములవారే యగుట తెలుగు పాఠకులు గమనింపదగినది. ఆ ధనము దాచబడలేదు. పత్రికలలో అచ్చయినది, రచ్చబండలయొద్ద చర్చింపబడినది. ధనము కనబడుటయే నాయకుని యోగ్యతలలో నొకటిగా గణింపబడుచున్నదని ఒప్పుకొనక తప్పదు.

ఇట్లేల జరుగునో తెలియుటకు ఆమె పలికిన క్రియాపదమును పరికింపవలెను. ఆమె "ఇస్తడు" అనలేదు, "పెడ్తడు" అన్నది. ఇచ్చుట సమానుల మధ్యగూడ జరుగును. అప్పు ఇత్తుము, జీతము ఇత్తుము, ఇచ్చినదానిని తిరిగి ఇత్తుము. పెట్టుట అట్టిది కాదు. తల్లి బిడ్డకు పెట్టును, గృహస్థు అతిథికి పెట్టును, ఆసామి ఆశ్రితునికి పెట్టును. పెట్టిన చేయి ఎల్లప్పుడు పైననే యుండును. అదృష్టవంతుని "పెట్టి పుట్టినవాడు" అందుము. అనగా నేటి సంపద పూర్వజన్మమున పెట్టిన అన్నముయొక్క ఫలమని ఆ నుడికారముయొక్క తాత్పర్యము. సంపదయు దాతృత్వమును ఒకే నాణెమునకు రెండు ముఖములని భావించు భాషలో ధనవంతుడు పేదల నాయకుడగుట విరుద్ధముగ తోపదు; తాను పెట్టవలసినది పెట్టుచున్నాడని తోచును.

ఇందుకు ప్రతిగా ఒక ప్రశ్న వేయవచ్చును. ఉన్న ఆస్తిని ఉద్యమమునకు సమర్పించి నిరాడంబరముగ జీవించిన పుచ్చలపల్లి సుందరయ్యవంటివారిని తెలుగువారు పూజింపలేదా? పూజించిరి. కాని ఆయన పక్షమునకు రాష్ట్రాధికారము ఎన్నడును లభింపలేదు. దీనికి కారణములు పెక్కు గలవు. నా శాస్త్రపరిధిలోనిది మాత్రము ఒకటి చెప్పుదును. మన ప్రాచీన కావ్యభాషలో "త్యాగి" యనగా దాత. "త్యాగము" నకు విడుచుట, ఇచ్చుట అను రెండర్థములును గలవు. కాలక్రమమున ఆ రెండును విడివడినవి. విడిచినవానికి నమస్కరించుచున్నాము, ఇచ్చువానికి ఓటు వేయుచున్నాము. అంతయు విడిచినవానియొద్ద ఇచ్చుటకు ఏమియు మిగులదని ఓటరు ఎఱుగును.

అయినను పెట్టుపోతలు మాత్రమే కారణమనుట ప్రజలను అవమానించుటయే యగును. 1982–83 నాటి ఆంధ్రప్రదేశ్ చరిత్ర ఇందుకు సాక్ష్యము. 1978లో ఎన్నికైన శాసనసభ కాలము ముగియక మునుపే రాష్ట్రమునకు నలుగురు ముఖ్యమంత్రులు మాఱిరి; ఆ మార్పులు ఢిల్లీలో నిర్ణయింపబడినవి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున ముఖ్యమంత్రి టి. అంజయ్యను రాజీవ్ గాంధీ అందఱియెదుట మందలించిన వార్త తెలుగువారికి గుచ్చుకొన్నది. మార్చి 29న నందమూరి తారక రామారావు తెలుగుదేశము పార్టీని స్థాపించెను. 1956లో రాష్ట్రమేర్పడినది మొదలు అధికారమున నున్న కాంగ్రెసును తొమ్మిది మాసముల వయస్సుగల ఆ పార్టీ 1983 జనవరిలో ఓడించి, 294 స్థానములలో రెండువందలకు పైగా గెలిచినది. కిలో రెండు రూపాయల బియ్యము ఆయన వాగ్దానమే. కాని ఆయన ప్రచారమున ప్రధానమైన మాట బియ్యము కాదు, ఆత్మగౌరవము. చిత్రనిర్మాతగాను, స్టూడియో యజమానిగాను ఆయన సంపన్నుడని ఎఱుగనివారు లేరు. ఆ సంపద ప్రజలకు అడ్డు తోపలేదు. ఒకరి గుమ్మమున చేయి కట్టుకొని నిలువవలసిన పని ఆయనకు లేదన్న నిదర్శనముగ తోచినది.

ఆయన 1977లో తానే నిర్మించి, దర్శకత్వము వహించి, మూడు పాత్రలు ధరించిన చిత్రము "దానవీరశూరకర్ణ". ప్రజలు వెండితెరపై దాతయైన కర్ణుని చూచి అతనికే ఓటు వేసిరని మా మిత్రులు పరిహాసమాడుదురు. కాని కర్ణుని కథలో దాతృత్వముకంటె ముందుగా జరిగినది స్వీకారము. కుమారాస్త్రవిద్యాప్రదర్శనమున కృపుడు కులగోత్రములడుగగా కర్ణుడు తల వంచెను, భీముడు పరిహసించెను. సభలో ఒక్కడు మాత్రము లేచి, అతనిని అంగరాజ్యమునకు అభిషేకించెను. ఆ ఒక్కడు దుర్యోధనుడు. దుర్యోధనుడు తన ప్రయోజనముకొఱకే అట్లు చేసెననుట నిజము. కాని తక్కిన పెద్దలందఱును మౌనముగ నున్నప్పుడు గౌరవమిచ్చినవాడు అతడే యనుటయు నిజము. సాధారణ ఓటరు స్థానము ఈ కర్ణునిదని నా యభిప్రాయము. కార్యాలయములలోను, వైద్యశాలలలోను, మావంటి చదువరుల సంభాషణములలోను అతడు పరాభవమునే పొందుచున్నాడు. బహిరంగసభలో ఒక సంపన్నుడు అతని భుజముపై చేయి వేసినప్పుడు ఆ చేయి వెనుకనున్న ప్రయోజనము అతనికి తెలియకపోదు. తెలిసియే దానిని స్వీకరించుచున్నాడు. ఇందులో మొదటి దోషము దుర్యోధనునిది గాదు, మౌనముగ గూర్చున్న సభది.

ఈ ఆదరము గ్రుడ్డిదియు గాదు. 1989లో తారక రామారావు పార్టీ ఓడినది. ఆయన స్వయముగ పాలమూరు జిల్లా కల్వకుర్తిలో ఓడి, హిందూపురమున మాత్రము గెలిచెను. 1994లో ప్రజలే ఆయనను మరల గెలిపించిరి. పొరుగున తమిళనాట 1991లో ముఖ్యమంత్రియైన జయలలిత నెలకు ఒక్క రూపాయి జీతము పుచ్చుకొనెను. 1996లో బర్గూరు ఓటర్లు ఆమెను ఓడించిరి. ప్రజలు శిక్షింప నెఱుగుదురు. కాని ఆ శిక్ష ఆలస్యముగ వచ్చును, లెక్క తేలకయే వచ్చును. ఇదియే నా అసలు విచారము.

తెలుగున కృతఘ్నతకు గల పేరు "తిన్నయింటి వాసములు లెక్కపెట్టుట." ఎవని యింట అన్నము తింటిమో వాని యింటికప్పున వాసములెన్ని, అవి ఎక్కడివి, ఎట్లు వచ్చినవి అని విచారింపరాదు. గృహస్థధర్మమున ఇది మంచి నీతియే. రాజకీయములలో ప్రవేశించినంతనే ఇది ప్రమాదకరమగును. ఏలయన, నాయకుడు పెట్టినది తిన్న పిమ్మట అతని ఆస్తిని విచారించుట నేరముగ తోచును. కర్ణుడు శ్రీకృష్ణునివలన తన జన్మరహస్యము వినిన పిమ్మటను, న్యాయము ఎటు గలదో ఎఱిగియు, అంగరాజ్యపు ఋణమును తలచి దుర్యోధనుని విడువలేదు. దానము స్వీకరించినవాని మనస్సు ఆ కట్టుబాటున చిక్కుకొనును. 1991–96 మధ్యకాలపు అక్రమాస్తుల వ్యాజ్యమున జయలలితకు 2014లో ప్రత్యేక న్యాయస్థానము శిక్ష విధించినది. 2015లో ఉన్నతన్యాయస్థానము ఆమెను నిర్దోషిగ విడిచినది. 2016లో ప్రజలు ఆమెను మరల గెలిపించిరి. ఆమె మరణానంతరము 2017లో సర్వోన్నత న్యాయస్థానము క్రింది న్యాయస్థానపు తీర్పును సహనిందితుల విషయమున పునరుద్ధరించినది. మరణకారణమున ఆమెపై వ్యాజ్యము ముగిసినది. ఈ నడుమ 2013లో ప్రారంభమైన అమ్మ భోజనశాలలలో పేదలు రూపాయికి ఇడ్లీ తినుచుండిరి. తినినవారు వాసములను లెక్కింపలేకపోయిరనుటలో వింత లేదు.

కాని ఆ యిల్లెవరిది? గోదావరి లంకలలో డొక్కా సీతమ్మ (1841–1909) వేలమందికి అన్నము పెట్టినది. ఆ ధాన్యము ఆమె పొలముది, ఆ వంటశాల ఆమె యింటిది. ఆమెను విచారించుట నిజముగ కృతఘ్నతయే. నేడు బడిపిల్లలకు పెట్టు మధ్యాహ్నభోజనము ఖజానాది. ఆ ఖజానాలో పాలమూరు కూలి కొన్న సబ్బుపై పన్నుగూడ కలదు. అయినను ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకము 2020లో ఒక నాయకుని పేర నడచినది. 2024లో సీతమ్మ పేరు పొందినది. సీతమ్మ స్మరణ ఎల్లరకు సమ్మతమే. కాని ఏ పక్షమువారు వచ్చినను పథకమునకు ఒక పెట్టు చేయి పేరు కావలయుచున్నది. అన్నమునకు మూలమైన పన్ను చెల్లించినవాని పేరు ఎవరికిని తోచుట లేదు. సంస్కృతమున "ప్రజా" శబ్దమునకు సంతానమనియు అర్థము. పాలకుడు తండ్రి, పాలితులు బిడ్డలు అను భావము ఆ పదముతోనే మనకు సంక్రమించినది.

ధనవంతులైన జనరంజకులు చేసినదంతయు వ్యర్థమని నేను చెప్పుట లేదు. వారు చేసినదానిలో ఏది నిలిచినదో విచారించిన మార్గము కనబడును. తారక రామారావు ప్రభుత్వకాలమున, 1986లో, హిందూ కుటుంబపు పిత్రార్జితమున కొమార్తెకు కొమారునితో సమానమైన హక్కు కల్పించు రాష్ట్రచట్టము వచ్చినది. 2005లో దేశమంతటికి అట్టి చట్టమే వచ్చినది. బియ్యమును జనులు ఆయన పేరుతో తలచుదురు. ఆస్తిలో వాటా అడుగు ఆడుబిడ్డ ఎవరి పేరును తలపదు, చట్టమును చూపును. థాయ్‌లాండ్‌లో మహాధనికుడైన తక్సిన్ షినవత్ర 2001లో గెలిచి, ముప్పది బాట్లకే వైద్యమను పథకమును ప్రవేశపెట్టెను. 2002లో అది చట్టమైనది. 2006లో సైన్యము ఆయనను దింపినది. వైద్యపథకమును మాత్రము ఎవరును దింపలేకపోయిరి. మన దేశమున బియ్యము, గోధుమలు 2013 నాటి ఆహారభద్రతాచట్టమువలన గ్రామీణులలో నూటికి 75 మందివఱకును, పట్టణవాసులలో నూటికి 50 మందివఱకును హక్కుగ లభింపవలసినవైనవి. అయినను సంచులపై బొమ్మలు పోలేదు. దానము హక్కైన పిమ్మటగూడ దాత ముఖము మిగిలియేయున్నది.

వాసములను లెక్కించుట పేదలకు చేతగానిదియు గాదు. 1994లో రాజస్థాన్‌లోని కోట్ కిరాణా గ్రామమున కూలీలు తమ పేర వ్రాయబడిన ప్రభుత్వ లెక్కలను బహిరంగముగ చదివించి విచారించిరి. మా సొమ్ము, మా లెక్క అనునదే వారి వాదము. ఆ ఉద్యమమే 2005 నాటి సమాచారహక్కు చట్టమునకు బలమిచ్చినది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో ప్రత్యేక సంస్థ ఏర్పడినది. గ్రామసభలలో మస్టర్లు చదువబడినవి. చేయని పనికి వ్రాసిన కూలి బయటపడినది. అక్షరజ్ఞానము లేనివారును తమ దినములను వ్రేళ్లపై లెక్కించి సాక్ష్యమిచ్చిరి.

ఇక భాషాధ్యాపకులకు, పత్రికారచయితలకు ఒక మనవి. ప్రభుత్వము చేయు వ్యయమును మన పత్రికలు "వరముల జల్లు" అనుచున్నవి; నచ్చనివారు "తాయిలములు" అనుచున్నారు. వరమిచ్చునది దైవము, తాయిలము బుజ్జగించునది శిశువును. పొగడ్తయందు పౌరుడు భక్తుడగుచున్నాడు, తెగడ్తయందు పసివాడగుచున్నాడు. పౌరుడుగ మాత్రము ఎక్కడను నిలువలేకున్నాడు. కార్యాలయములవారు వాడు "లబ్ధిదారు" అను పదమును అట్టిదే. లభించినదానిని పుచ్చుకొనువాడని దాని యర్థము. "హక్కుదారు" అను చక్కని పదము మన భాషలో చిరకాలముగ నున్నది. దస్తావేజులలో దానిని వాడుదుము, రేషను కార్డుపై వాడము. పదము మాఱినంతనే పాలన మాఱదని నేనెఱుగుదును. కాని తప్పుపదము వాడుకలో నున్నంతకాలము సరియైన ప్రశ్న నోటికి రాదు.

ఆ పాలమూరు స్త్రీని నేను మఱియొక శనివారము సాయంకాలము చూచితిని. మేస్త్రి కూలి పంచుచుండెను. ఆతడు ఆమెకు ప్రయాణపు ఖర్చులకై ముందుగ సొమ్మిచ్చినవాడు; జ్వరము వచ్చినప్పుడు మందులు కొనితెచ్చినవాడు. ఆమె ఆతనిని "అన్నా" యనుచునే ఉండెను. అయినను నోట్లు చేతిలో పడగానే ఆతని యెదుటనే రెండుమాఱులు లెక్కించి, ఒకదినము కూలి తక్కువైనదని చెప్పి, అది పుచ్చుకొనియే కదలెను. ఆతడు నొచ్చుకొనలేదు, ఆమెయు కృతఘ్నురాలు కాలేదు. ఏలయన, అది పెట్టినది కాదు, రావలసినది అని ఆ యిద్దఱికిని తెలియును. మేస్త్రియొద్ద ఆమెకున్న ఈ తెలివి రాజధానియొద్దగూడ ఉండగూడదని ఆమెకు నేర్పినవారెవరు? నేర్పినవారిలో మనమును గలమేమో విచారించుకొనవలసియున్నది.